ముందు గది, తర్వాత తెర: హోమ్ థియేటర్ కంప్యూటర్‌కు డిస్‌ప్లే ఎంచుకోవడం ఎలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు అర్హత లేని పాత కంప్యూటర్లు చాలా ఇళ్లలో మూలన పడ్డాయి. నిజానికి వాటిలో చాలావాటికి సినిమా ఆడించే సత్తా ఇంకా ఉంది. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని, హాల్లో పెద్ద తెరకు తగిలిస్తే అదే హోమ్ థియేటర్ కంప్యూటర్ (సినిమాలు, పాటలు, ఇంటి వీడియోలు పెద్ద తెర మీద చూడటానికే పెట్టుకున్న కంప్యూటర్) అవుతుంది. అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద, ప్రొజెక్టర్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కంప్యూటర్ ఇంట్లోనే ఉంది, తెర ధర తగ్గింది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఏ తెర కొనాలి?

కొట్లో ఈ ప్రశ్నకు బ్రాండు పేరుతోనో, ఆఫరుతోనో సమాధానం దొరుకుతుంది. కానీ తెర విషయంలో కొన్ని లోపాలను తర్వాత సరిచేసుకోవచ్చు, కొన్నింటిని ఎన్నటికీ సరిచేసుకోలేం. ఏది ఏ కోవలోకి వస్తుందో తెలిస్తే డబ్బు సరైన చోట పెట్టగలం. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

స్మార్ట్ టీవీ ఉండగా కంప్యూటర్ ఎందుకు?

స్మార్ట్ టీవీలో యాప్‌లు ఎలాగూ ఉంటాయి. అయితే టీవీ ప్యానెల్ ఎంతకాలం పనిచేస్తుందో, అందులోని సాఫ్ట్‌వేర్ అంతకాలం పనిచేయదు. కొన్నేళ్లకు అప్‌డేట్లు ఆగిపోతాయి. యాప్‌లు ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. కంప్యూటర్ అయితే మన చేతిలో ఉంటుంది. హార్డ్ డిస్కులో దాచుకున్న పెళ్లి వీడియోలు, పాత సినిమాలు, అమెరికాలో ఉన్న పిల్లలతో వీడియో కాల్, బ్రౌజర్‌లో పిల్లల పాఠాలు, అన్నీ ఒకే చోట నడుస్తాయి.

ఒక మినహాయింపు మాత్రం ఉంది. నెట్‌ఫ్లిక్స్ వంటి ఓటీటీ సంస్థలు కాపీ రక్షణ కోసం కొన్ని షరతులు పెడతాయి. కంప్యూటర్‌లో, ముఖ్యంగా లినక్స్‌లో, అదే చందాకు తక్కువ స్పష్టత రావచ్చు. అందుకని ఓటీటీ వరకు టీవీలోని యాప్‌నే వాడుకుని, మిగతావాటికి కంప్యూటర్ వాడుకోవడం మేలు.

కొలత మొదలయ్యేది కళ్ల దగ్గర

తెర సైజును గోడను బట్టి కాదు, కూర్చునే దూరాన్ని బట్టి నిర్ణయించాలి. ఆ దూరాన్ని కూడా గోడ నుంచి గోడకు కొలవకూడదు. సోఫాలో ఆనుకుని కూర్చున్నప్పుడు కళ్లు ఎక్కడుంటాయో అక్కడి నుంచి తెర నిలిచే చోటికి టేపు పట్టాలి.

సినిమా చూస్తున్న అనుభూతి కలగాలంటే తెర మన చూపులో కనీసం 30 డిగ్రీల వెడల్పును ఆక్రమించాలన్నది సినిమా, టీవీ ఇంజినీర్లు పాటించే సూత్రం. థియేటర్ మధ్య వరసల్లో కూర్చున్నట్టు ఉండాలంటే 40 డిగ్రీల దాకా వెళ్లొచ్చు. దీన్ని లెక్కలోకి మారిస్తే ఇలా వస్తుంది. తెర మూల నుంచి మూలకు ఉన్న కొలతను 1.6తో హెచ్చిస్తే ఎంత దూరం వరకు కూర్చోవచ్చో తెలుస్తుంది. 1.2తో హెచ్చిస్తే ఎంత దగ్గరగా కూర్చోవచ్చో తెలుస్తుంది.

ఈ లెక్కన 43 అంగుళాల తెరకు సుమారు నాలుగున్నర నుంచి ఆరు అడుగుల దూరం సరిపోతుంది. 55 అంగుళాలకు ఐదున్నర నుంచి ఏడున్నర అడుగులు. 65 అంగుళాలకు ఆరున్నర నుంచి తొమ్మిది అడుగుల లోపు. 75 అంగుళాలకు ఏడున్నర నుంచి పది అడుగులు. పది అడుగుల దూరంలో సోఫా వేసుకుని 43 అంగుళాల టీవీ కొంటే వార్తలకు సరిపోతుంది. సినిమాకు మాత్రం చిన్నదవుతుంది. కంప్యూటర్ తెర మీది అక్షరాలకైతే మరీ చిన్నదవుతుంది.

ఎత్తు కూడా చూసుకోవాలి. తెర మధ్యభాగం కూర్చున్నవాళ్ల కంటి ఎత్తుకు దగ్గరగా ఉండాలి. షోకేసు పైన, పైకప్పుకు దగ్గరగా బిగిస్తే రెండున్నర గంటల సినిమాకు మెడ పట్టేస్తుంది.

4కె తేడా ఎప్పుడు కనిపిస్తుంది?

ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు (బొమ్మను కూర్చే అతి చిన్న చుక్కలు) ఉంటాయి. 4కె తెరలో 3840, 2160. అంటే నాలుగింతలు. కానీ మామూలు చూపున్న కంటికి ఒక హద్దు ఉంది. ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే, అందులో ఒక భాగం కంటే చిన్న వివరాన్ని అది విడదీసి చూడలేదు.

55 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద ఈ హద్దు సుమారు ఏడు అడుగుల దగ్గర వస్తుంది. అంతకంటే దూరంగా కూర్చుంటే పిక్సెళ్లు కంటికి కలిసిపోతాయి. 4కె వల్ల అదనంగా కనిపించేది తక్కువ. దగ్గరగా జరిగేకొద్దీ తేడా తెలుస్తుంది. ఈ రోజుల్లో పెద్ద టీవీలు దాదాపుగా 4కెలోనే వస్తున్నాయి కాబట్టి విడిగా వెతుక్కోనక్కర్లేదు. 8కె కోసం ఎక్కువ పెట్టడానికి మాత్రం ఇళ్లలో కారణం కనిపించదు.

కొన్న తెర అంతా బొమ్మ ఉండదు

టీవీ తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9. సినిమాలు అన్నీ ఆ ఆకారంలో ఉండవు. 1957 నాటి మాయాబజార్ వంటి పాత చిత్రాలు ఇంచుమించు 4:3 ఆకారంలో, చదరానికి దగ్గరగా ఉంటాయి. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. స్కోప్ బొమ్మ ఎత్తు కంటే వెడల్పు 2.39 రెట్లు. ఇప్పుడు వచ్చే పెద్ద సినిమాల్లో ఎక్కువ భాగం ఈ ఆకారంలోనివే.

దీని పర్యవసానం చూడండి. 55 అంగుళాల టీవీలో మాయాబజార్ వేస్తే రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి. అసలు బొమ్మ సుమారు 45 అంగుళాల టీవీలో చూసినంతే ఉంటుంది. స్కోప్ సినిమా వేస్తే పైనా కిందా పట్టీలు వచ్చి తెర ఎత్తులో నాలుగో వంతు ఖాళీగా పోతుంది. పాత సినిమాలు ఎక్కువగా చూసే ఇంట్లో లెక్క వచ్చిన సైజు కంటే ఒక మెట్టు పైకి వెళ్లడం మంచిది. బొమ్మను సాగదీసి తెర నింపుకోవడం పరిష్కారం కాదు. అలా చేస్తే మాయాబజార్‌లో సావిత్రి ముఖం కూడా అడ్డంగా సాగిపోతుంది.

ఈ పట్టీల వల్లే మరో విషయం బయటపడుతుంది. రాత్రి లైటు తీసేసి చూసినప్పుడు పట్టీలు నిజంగా నల్లగా ఉన్నాయా, బూడిద రంగులో మెరుస్తున్నాయా? తెర నాణ్యతకు ఇది తేలికైన పరీక్ష.

నలుపు ఎక్కడి నుంచి వస్తుంది?

ఎల్‌సీడీ తెరలో వెనక ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతుంటాయి. ముందున్న పొర ఆ వెలుగును కావలసిన చోట ఆపుతుంది. పూర్తిగా ఆపలేదు. కొంత కారుతుంది. ఆ కారిన వెలుగే నలుపును బూడిదగా మారుస్తుంది.

ఎల్‌సీడీలో రెండు ప్రధాన రకాలున్నాయి. ఐపీఎస్ ప్యానెల్‌లో కాంట్రాస్టు (అతి తెల్లని చోటికి, అతి నల్లని చోటికి ఉన్న వెలుగు తేడా) సుమారు 1000కి 1 ఉంటుంది. పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా పాలిపోవు. వీఏ ప్యానెల్‌లో కాంట్రాస్టు 3000కి 1, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. నలుపు బాగుంటుంది. కానీ పక్కకు జరిగితే బొమ్మ వెలిసినట్టు కనిపిస్తుంది. కుటుంబమంతా సోఫా మీద, కింద చాప మీద, పక్క కుర్చీల్లో కూర్చుని చూసే హాలుకు ఐపీఎస్ నప్పుతుంది. ఇద్దరు ముగ్గురు ఎదురుగా కూర్చుని రాత్రిపూట చూసే గదికి వీఏ నప్పుతుంది.

మినీ ఎల్‌ఈడీ టీవీల్లో వెనక దీపాలు చిన్నవిగా, గుంపులు గుంపులుగా ఉంటాయి. చీకటి ఉన్న చోట ఆ గుంపును తగ్గించవచ్చు. క్యూఎల్‌ఈడీ అంటే రంగులు మెరుగుపరిచే ఒక పొర ఉన్న ఎల్‌సీడీయే. పేరు దగ్గరగా ఉన్నా ఓఎల్‌ఈడీ వేరు.

ఓఎల్‌ఈడీలో ప్రతి పిక్సెల్ తనంత తాను వెలుగుతుంది. నలుపు కావలసిన చోట పూర్తిగా ఆరిపోతుంది. పక్క నుంచి చూసినా బాగుంటుంది. సినిమాకు ఇంతకంటే మంచి తెర ప్రస్తుతం లేదు. అయితే కంప్యూటర్‌కు తగిలించేవాళ్లు ఒక్కటి తెలుసుకోవాలి. కదలని బొమ్మ గంటల తరబడి ఒకే చోట ఉంటే అక్కడి పిక్సెళ్లు మిగతావాటి కంటే త్వరగా అరుగుతాయి. కొన్నాళ్లకు అది మచ్చలా మిగులుతుంది. విండోస్ కింది పట్టీ, డెస్క్‌టాప్ ఐకాన్లు, ఛానల్ లోగో, అన్నీ కదలని బొమ్మలే. కింది పట్టీ దానంతటదే దాక్కునేలా పెట్టడం, నల్లటి నేపథ్యం ఉంచడం, ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే తెర ఆరిపోయేలా చేయడం అవసరం. రోజంతా ఆఫీసు పనికి కూడా అదే తెర వాడేవాళ్లు ఎల్‌సీడీకే వెళ్లడం క్షేమం.

24, 25, 30: మూడు లయలు

సినిమా సెకనుకు 24 బొమ్మలతో తీస్తారు. మన టీవీ ప్రసారాలు 25 బొమ్మల లెక్కన, 50 అర్ధభాగాలుగా వస్తాయి. ఫోన్‌లో తీసిన వీడియో సాధారణంగా 30 లేదా 60. తెర మాత్రం మామూలుగా సెకనుకు 60 సార్లు బొమ్మ వేస్తుంది. దీన్ని రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా బొమ్మ వేస్తుందన్న లెక్క) అంటారు. హెర్ట్జ్‌లలో కొలుస్తారు.

ఫోన్ వీడియోకు చిక్కు లేదు. 30 రెట్టింపు చేస్తే 60. సినిమా దగ్గర చిక్కు వస్తుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర. ఒక బొమ్మను రెండున్నర సార్లు చూపలేరు కదా. అందుకని మొదటి బొమ్మను రెండుసార్లు, రెండోదాన్ని మూడుసార్లు, మళ్లీ రెండుసార్లు, మళ్లీ మూడుసార్లు చూపిస్తారు. ఒక బొమ్మ సెకనులో ముప్పయ్యో వంతు, తర్వాతిది ఇరవయ్యో వంతు నిలుస్తుందన్నమాట. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే దృశ్యంలో, సినిమా చివర పేర్లు పైకి పాకేటప్పుడు ఇది చిన్న కుదుపుగా కనిపిస్తుంది. ఫైలు పాడైందనో, కంప్యూటర్ పాతదైందనో చాలామంది అనుకుంటారు. తప్పు రెంటిదీ కాదు.

పరిష్కారం సులువు. తెరనే 24 హెర్ట్జ్‌కు మార్చాలి. కోడి వంటి ఉచిత ప్లేయర్లలో వీడియోను బట్టి రిఫ్రెష్ రేటును దానంతటదే మార్చే సెట్టింగు ఉంది. టీవీలు చాలావరకు 24, 50, 60 మూడింటినీ తీసుకుంటాయి. కంప్యూటర్ మానిటర్లలో మాత్రం 24ను, 50ని సరిగా తీసుకోనివి ఉన్నాయి. మానిటర్ కొనే ముందు ఇది తప్పక అడగాలి. 120 హెర్ట్జ్ తెర అయితే ఇంకా మేలు. 24, 30, 60 మూడూ అందులో సమంగా ఇముడుతాయి. కాకపోతే పెట్టె మీద రాసే పెద్ద పెద్ద ‘మోషన్’ అంకెలు ప్యానెల్ అసలు వేగం కాకపోవచ్చు. అసలు రిఫ్రెష్ రేటు ఎంతో విడిగా అడగండి.

అక్షరాలు, మౌసు: టీవీకి అలవాటు లేని పని

టీవీని సినిమాల కోసం తయారుచేశారు. కంప్యూటర్ దానికి మూడు కొత్త పరీక్షలు పెడుతుంది.

మొదటిది అంచులు. పాత పిక్చర్ ట్యూబు టీవీల కాలం నుంచి ఒక అలవాటు మిగిలింది. బొమ్మను కొంచెం పెద్దది చేసి నాలుగు అంచులూ కత్తిరిస్తారు. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. సినిమాలో తెలియదు. కంప్యూటర్ పెట్టగానే కింది పట్టీ సగం మాయమవుతుంది. టీవీ పిక్చర్ సెట్టింగుల్లో ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’ వంటి పేరుతో ఉన్నదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది.

రెండోది రంగు అక్షరాలు. వీడియోల్లో డేటా తగ్గించడానికి వెలుగు వివరాన్ని ప్రతి పిక్సెల్‌కూ ఉంచి, రంగు వివరాన్ని నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకటే ఉంచుతారు. దీన్ని 4:2:0 అంటారు. కంటికి వెలుగు తేడా తెలిసినంతగా రంగు తేడా తెలియదు కాబట్టి సినిమాలో నష్టం కనిపించదు. అక్షరాల్లో కనిపిస్తుంది. నల్లటి నేపథ్యం మీద ఎర్ర అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి. కంప్యూటర్‌కు 4:4:4 (ప్రతి పిక్సెల్‌కూ దాని రంగు దానికే ఉండే పద్ధతి) కావాలి. చాలా టీవీల్లో కంప్యూటర్ తగిలించిన హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును ‘పీసీ’గా మారిస్తే ఇది పనిచేస్తుంది.

మూడోది ఆలస్యం. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దడానికి కొంత సమయం తీసుకుంటుంది. అంతవరకు మౌసు కదిలించినా బాణం కదలదు. గేమ్ మోడ్ లేదా పీసీ మోడ్ పెడితే ఆ మెరుగులు ఆగి, బాణం చేతితోపాటు కదులుతుంది.

ఒకే గదిలో ఉండే విద్యార్థికి, నాలుగడుగుల దూరంలో మంచం ఉన్నవాళ్లకు 32 అంగుళాల మానిటర్ చాలు. ఈ మూడు చిక్కులూ దానికి సాధారణంగా ఉండవు. బదులుగా చాలావాటికి రిమోట్ ఉండదు, స్పీకర్లు ఉండవు, ఉన్నా గొంతు చిన్నది.

పోర్టు, కేబుల్: గొలుసులో బలహీనమైన లంకె

విండోస్ 11కు అర్హత లేని ఇంటెల్ కంప్యూటర్లు చాలావరకు ఏడో తరానివి, అంతకంటే పాతవి. వాటి హెచ్‌డీఎంఐ పోర్టు సాధారణంగా 1.4 రకం. ఇది 4కెను సెకనుకు 30 సార్లే పంపగలదు. సినిమాకు 24 చాలు కాబట్టి సినిమా చక్కగా ఆడుతుంది. డెస్క్‌టాప్ మీద మౌసు మాత్రం ఈడ్చుకుంటూ కదులుతుంది. 4కెను 60 హెర్ట్జ్‌లో పంపాలంటే హెచ్‌డీఎంఐ 2.0, 120లో పంపాలంటే 2.1 కావాలి. కంప్యూటర్, కేబుల్, టీవీ ఇన్‌పుట్ మూడూ ఆ స్థాయిలో ఉండాలి. ఒకటి తగ్గినా మిగతా రెండూ దాని స్థాయికే దిగుతాయి.

పాత కంప్యూటర్‌కు రెండు దారులున్నాయి. డిస్‌ప్లేపోర్ట్ 1.2 ఉంటే దాని నుంచి హెచ్‌డీఎంఐ 2.0కు మార్చే యాక్టివ్ కన్వర్టర్ (లోపల చిప్ ఉండి సంకేతాన్నే మార్చేది) వాడొచ్చు. లేదా డెస్క్‌టాప్‌ను ఫుల్ హెచ్‌డీలో 60 హెర్ట్జ్ దగ్గర ఉంచి, సినిమా ఆడేటప్పుడు మాత్రమే 4కె, 24కు మారేలా పెట్టుకోవచ్చు. 4కె సినిమా ఫైళ్లలో ఎక్కువగా వాడే 10 బిట్ల హెచ్‌ఈవీసీ కుదింపు పద్ధతిని ఇంటెల్ చిప్‌లు హార్డ్‌వేర్‌తో పూర్తిగా విప్పగలిగింది ఏడో తరం నుంచే. అంతకంటే పాత చిప్ అయితే ఫుల్ హెచ్‌డీతో సరిపెట్టుకోవడం నయం.

కేబుల్ పొడవు ఎంత తక్కువైతే అంత మంచిది. పొడవాటి నాసిరకం కేబుల్‌తో తెర మీద తెల్లటి మెరుపు చుక్కలు, మధ్యమధ్య నల్లగా ఆరిపోవడం కనిపిస్తాయి. సౌండ్‌బార్ ఉంటే టీవీకి ఈ-ఆర్క్ (టీవీ నుంచి ధ్వనిని నాణ్యత తగ్గకుండా బయటి స్పీకర్లకు పంపే హెచ్‌డీఎంఐ మార్గం) ఉందేమో చూసుకోండి.

హెచ్‌డీఆర్ గుర్తు ఉంటే సరిపోదు

హెచ్‌డీఆర్ అంటే వెలుగు, నీడల మధ్య తేడాను మామూలు కంటే విశాలంగా చూపే పద్ధతి. ఇందుకు రెండు కావాలి. ఆ సంకేతాన్ని తీసుకోవడం ఒకటి, దాన్ని చూపగల వెలుగు ఉండటం రెండోది. చౌక టీవీలు మొదటిది చేస్తాయి. వాటి వెలుగు 300 నిట్లకు (తెర ప్రకాశాన్ని కొలిచే ప్రమాణం) అటూ ఇటూ ఉంటుంది. హెచ్‌డీఆర్ సినిమాలను సాధారణంగా 1000 నిట్లు, ఆపైన తెరల మీద తీర్చిదిద్దుతారు. చూపలేని వెలుగును టీవీ కుదించాల్సి వస్తుంది. బొమ్మ మసకబారుతుంది. అలాంటి టీవీకి కంప్యూటర్‌లో హెచ్‌డీఆర్ ఆపి ఉంచడమే మంచిది.

ప్రొజెక్టర్ ఎవరికి?

గదిని చీకటి చేయగలిగినవాళ్లకు. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. తెర మీద పడిన ట్యూబులైటు వెలుగే దాని నలుపు. 1000 ఆన్సీ ల్యూమెన్ల (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన ప్రొజెక్టర్ వెలుగు) ప్రొజెక్టర్ 100 అంగుళాల తెల్ల తెర మీద లెక్క ప్రకారం సుమారు 115 నిట్ల వెలుగిస్తుంది. అదే వెలుగును 150 అంగుళాలకు పరిస్తే 50 నిట్లకు పడిపోతుంది. సినిమా హాలు ప్రమాణం 48 నిట్లే. కాబట్టి చీకట్లో అదీ చాలు. పగలు కిటికీ తెరిస్తే ఏదీ చాలదు.

కొనేటప్పుడు రెండు మాటలు జాగ్రత్తగా చదవాలి. ‘4కె సపోర్ట్’ అంటే 4కె సంకేతాన్ని తీసుకుంటుందని మాత్రమే. దాని సొంత పిక్సెళ్లు 720 వరసలే కావచ్చు. ‘నేటివ్ రిజల్యూషన్’ ఎంతో చూడండి. అలాగే ఉత్త ‘ల్యూమెన్లు’ కాదు, ‘ఆన్సీ ల్యూమెన్లు’ ఎన్నో చూడండి. ఆపైన దూరం. త్రో నిష్పత్తి (తెరకు ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె) 1.5 ఉన్న ప్రొజెక్టర్‌కు 100 అంగుళాల బొమ్మ రావాలంటే సుమారు 11 అడుగుల వెనక్కు వెళ్లాలి. మన అపార్ట్‌మెంట్ హాళ్లలో చాలాసార్లు ఇక్కడే ఆగిపోతాం.

కొట్లో చేయవలసిన పరీక్ష

లాప్‌టాప్, ఒక హెచ్‌డీఎంఐ కేబుల్ వెంట తీసుకెళ్లండి. కొంటున్నది మీరే. అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ముందు టీవీని ‘వివిడ్’ నుంచి ‘సినిమా’ మోడ్‌కు మార్పించండి. కొట్లో పెట్టే కళ్లు చెదిరే రంగులు ఇంట్లో పనికిరావు. నల్లటి నేపథ్యం మీద చిన్న ఎర్ర అక్షరాలు టైపు చేసి, మీ సోఫా దూరంలో నిలబడి చదవండి. డిస్‌ప్లే సెట్టింగుల్లో 24, 50 హెర్ట్జ్ కనిపిస్తున్నాయో లేదో చూడండి. రాత్రి దృశ్యం ఉన్న స్కోప్ సినిమా ఒకటి వేసి నల్లటి పట్టీలను గమనించండి. తర్వాత పక్కకు నాలుగడుగులు జరిగి అదే దృశ్యాన్ని మళ్లీ చూడండి.

ఈ పరీక్షల్లో తేలిన లోపాలను రెండు కుప్పలుగా విడదీయండి. కుదుపు, కత్తిరించిన అంచులు, మౌసు ఆలస్యం సెట్టింగుతో పోతాయి. కేబుల్‌ను కొద్ది డబ్బుతో మార్చుకోవచ్చు. స్పీకర్లు వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు. కంప్యూటర్‌ను కూడా తర్వాతెప్పుడో చిన్న మినీ పీసీతో మార్చేయొచ్చు. కానీ సైజు, నలుపు, పక్క నుంచి కనిపించే తీరు, తెర అద్దంలా మెరిసే గుణం, ప్యానెల్ అసలు వేగం, ఈ ఐదూ కొన్న రోజు ఎలా ఉన్నాయో టీవీ ఉన్నంతకాలం అలాగే ఉంటాయి. బడ్జెట్ తక్కువైతే స్మార్ట్ హంగులు, హెచ్‌డీఆర్ గుర్తులు, కంపెనీ పేరు వదులుకోండి. ఈ ఐదింటి దగ్గర మాత్రం రాజీపడకండి.